చదవని పుస్తకాన్ని మెచ్చుకున్న పాపానికి

పుస్తకం చదివినవాడు దాన్ని మరొకరికి సిఫార్సు చేయడానికి బొత్తిగా పనికిరాడు! ఇది అనుభవం మీద చెబుతున్న మాట. వరంగల్‌లో మా వారపత్రికకు మూడేళ్ల పాటు ‘ఈ వారం ఏం చదవాలి?’ అనే శీర్షిక రాసినవాణ్ణి. నూట యాభై పుస్తకాల దాకా సిఫార్సు చేశాను. అందులో చదివినవెన్ని అంటారా? తొందరెందుకు, అక్కడికే వస్తున్నాను.

చదివినవాడికి అన్నీ అనుమానాలే. మొదలు బాగుంది, నడుమ సాగదీశాడు, చివర తేలిపోయింది అంటూ నసుగుతాడు. చదవనివాడికి ఆ బాధేది? ‘ప్రతి ఇంట్లో ఉండి తీరాల్సిన గ్రంథం’ అని ధైర్యంగా రాసేస్తాడు.

నా పద్ధతి శాస్త్రీయమైనది. పార్సిల్ విప్పి అట్ట చూసేవాణ్ణి. తర్వాత వెనక అట్ట. మరీ తీరిక దొరికితే ముందుమాటలో చివరి పేరా. లావుగా ఉంటే ‘సమగ్రం’, సన్నగా ఉంటే ‘క్లుప్తం’, అర్థం కాకపోతే ‘లోతైనది’. ఒకసారి పార్సిళ్లలో కలిసిపోయిన రైల్వే టైంటేబుల్‌ను కూడా ‘గమ్యం తెలిసిన రచన’ అని మెచ్చుకున్నాను. ఒక్క పాఠకుడైనా అభ్యంతరం చెప్పాడా? లేదు! నేను చదవకుండా రాసేవాణ్ణి, వాళ్లు చదవకుండా నమ్మేవాళ్లు. ఇంత ప్రశాంతమైన సాహిత్య వాతావరణం ఇంకే ఊళ్లో ఉంటుంది?

ఆ ప్రశాంతతను మా ఊరి కొత్తవాడలో ఉండే కైలాసం చెడగొట్టాడు.

కైలాసం జంపఖానాలు నేస్తాడు. భార్య సరోజన నూలు చుడుతుంది, రంగు అద్దుతుంది. 1982లో హనుమకొండలోని ఒక హాస్టల్ వాళ్లు వీళ్లకు జంపఖానాలు ఆర్డరిచ్చారు. మచ్చుకు ఇచ్చిన రెండింటినీ ఉతికితే ఎరుపంతా దిగి, తెల్లచారలు గులాబీ రంగుకు తిరిగాయి. మళ్లీ ఇట్లాగే అయితే ఆర్డరు వేరేవాళ్లకు ఇస్తామని వార్డెన్ చెప్పి పంపాడు. ఆ ఇంటికి ఆ ఏడాది ఉన్న పెద్ద ఆధారం ఆ ఆర్డరే.

సరిగ్గా ఆ వారమే నా శీర్షికలో ‘వెలిసిపోని ఎరుపు’ అనే పుస్తకాన్ని సిఫార్సు చేశాను. అట్ట మీది బొమ్మలో కాగు, అందులోంచి వేలాడే ఎర్రనూలు ఉన్నాయి. ఇంకేం కావాలి? ‘రంగు నిలబెట్టే రహస్యాలన్నీ ఇందులో ఉన్నాయి. నేతన్నలు చదివి తీరాలి’ అని రాశాను.

కైలాసం ఆ ముక్క కత్తిరించుకుని గ్రంథాలయానికి వెళ్లాడు. ఉన్నది ఒక్కటే ప్రతి. అది ఎవరో తీసుకెళ్లారు. ఆయన ఎదురుచూశాడు. రహస్యం తెలియకుండా రంగు ముట్టుకోవడం ఎందుకని కాగు కింద మంట పెట్టడం మానేశాడు. నెల రోజులు!

తర్వాత ఒక ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చారు.

“సార్, మీరు చదువుమని రాసిన పుస్తకం రెండొందల పన్నెండు పేజీలు చదివిన,” అన్నాడు కైలాసం. “నేను చదువుతాంటే మా ఆమె నూలు చుట్టుకుంట విన్నది. పేజీ పేజీకి ‘రంగెప్పుడొస్తది, రంగెప్పుడొస్తది’ అని ఒకటే అడుగుడు.”

“వచ్చిందా?” అన్నాను ఆసక్తిగా.

“నూట ఎనభయ్యో పేజీల వచ్చింది. ఆ పిల్లకు సిగ్గయి బుగ్గలు ఎర్రగైనయ్.”

అది నవల! ఎవరో ఒక జమీందారు కొడుకు ప్రేమకథ!

“అసలు మీరు చదివిండ్రా సార్?” అని అడిగాడు.

విమర్శకుడు ఓటమి ఒప్పుకుంటాడా? “రహస్యం అందులో అంతర్లీనంగా ఉంది కైలాసం,” అన్నాను.

“అంతర్లీనమంటే ఏందయ్యా?” అని సరోజన భర్తను అడిగింది.

“లేదని,” అన్నాడు కైలాసం.

సరోజన నా మీద కోప్పడలేదు. “నెల పాయె సార్. వచ్చే శుక్రవారం లోపల కొత్త మచ్చు ఇయ్యకుంటే ఆర్డరు పోతది. ఇంకో పుస్తకమేదన్న ఉంటే చెప్పుండ్రి. ఈసారి జర చూసి చెప్పుండ్రి,” అంది. నన్ను తిట్టి ఉంటే భుజం మీద తువ్వాలు వేసుకుని లోపలికి పోయేవాణ్ణి. ఆమె మళ్లీ నన్నే నమ్మి అడిగింది. చొక్కా తొడుక్కుని వాళ్లతో బయల్దేరాను.

గ్రంథాలయానికి దారి కైలాసమే చూపించాడు. మూడేళ్లుగా పుస్తకాల మీద రాస్తున్నవాడికి ఆ గడప తొక్కడం అదే మొదలు.

లైబ్రేరియన్ శ్యామలమ్మ విషయమంతా విని కింది అరలోంచి అట్ట ఊడిపోయిన ఒక సన్నటి పుస్తకం తీసింది. నూలు అద్దకం గురించినది. ఇరవై ఆరు పేజీలు.

“ఇది ఎప్పటినుంచి ఉందమ్మా?” అన్నాను.

“నేను రాకముందు నుంచి ఉన్నది. అందరు పేపర్ ముక్క పట్టుకొని ఆ పుస్తకమే కావాలంటరు. ఏం పనికని నన్నొక్కరన్న అడిగిండ్రా?”

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో కాగు పక్కన స్టూలు వేసుకుని ఆ పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా నేనే పైకి చదివాను. పంతొమ్మిదో పేజీలో ఉంది విషయం. అద్దిన నూలును సబ్బు వేసి, మరిగే నీళ్లలో ఉడికించాలి. అంటకుండా మిగిలిన రంగంతా అక్కడే వదిలిపోతుంది. వీళ్లు చన్నీళ్లలో జాడించి ఆరేస్తున్నారు.

సరోజన అట్లాగే చేసింది. ఆరిన నూలును మళ్లీ తడిపి, తెల్లగుడ్డతో గట్టిగా రుద్దింది. గుడ్డ తెల్లగానే ఉంది. ఆమె ఆ గుడ్డను తిప్పి తిప్పి చూసుకుంటుంటే, అచ్చులో నా పేరు మొదటిసారి చూసుకున్నప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదని తెలిసింది. రాత్రింబవళ్లు మగ్గం ఆడించి శుక్రవారానికి మచ్చు అందించారు. ఆర్డరు నిలిచింది.

ఆ ఊపులో నేనొక ఘోరం చేశాను. ‘వెలిసిపోని ఎరుపు నేను చదవలేదు. ఇప్పుడు చదివాను. సగం దాకా పర్వాలేదు’ అని శీర్షికలో నిజం రాశాను.

సంపాదకుడు వెంకట్రాజం గారు కంగారుగా పిలిపించారు. “ఏమయ్యా, పానం బాగలేదా? చదివి రాసుడేంది? నువ్వు మంచిగ లేదంటే రేపటి సంది మనకు పుస్తకాలెవరు పంపుతరు?”

పది రోజుల్లో ఆ శీర్షిక ఇంకొకరికి వెళ్లింది. ఆయన ఇప్పటిదాకా ఒక్క పుస్తకాన్నీ బాగాలేదనలేదు. ఆరోగ్యవంతుడు! నా అనుభవాన్ని వృథా పోనివ్వకూడదని నాకు వారఫలాలు అప్పగించారు. మొదటి వారం కన్యారాశికి దూరప్రయాణం, ధనలాభం రాశాను.

అది అచ్చయిన రెండో రోజు కైలాసం పత్రిక పట్టుకుని వచ్చాడు.

“సార్, నాది కన్యరాశే. పుస్తకమైతే తెచ్చుకొని చదివి మీ అబద్ధం పట్టుకున్న. ఆకాశాన్ని ఏ లైబ్రరీల అడగాలె?”