ఎవరూ దాటని రోడ్డు

రోడ్డు దాటడం అనాగరికం. తిట్టుకుంటే తిట్టుకోండి, ఈ మాట నేను వెనక్కి తీసుకోను.

మీరే ఆలోచించండి! ఇవతల ఉన్నవాడికి అవతలేం పని? ఇవతల కిరాణా కొట్టు లేదా? ఇవతల గాలి ఆడటం లేదా? ఎదిగే ఊరికి పెద్ద రోడ్డు కావాలన్నారు, వేశారు. నడి మధ్యన ఛాతీ ఎత్తు ఇనుప రెయిలింగ్ పాతారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా పిల్లి దూరే సందు లేదు. ఇంత చేసిపెడితే మన జనం ఏమంటున్నారు? "అవతలికి ఎలా పోవాలండీ?" అంటున్నారు. విశ్వాసం లేని జనం!

రెయిలింగ్ వచ్చాక ఎంత శాంతి! అవతలివైపు లాయరుగారు రోజూ మా పేపరు పట్టుకెళ్ళి చదివేవారు. ఇప్పుడు కొనుక్కుంటున్నారు. పక్కింటివాళ్ళకీ వాళ్ళ ఎదురింటివాళ్ళకీ మధ్య ఏళ్ళ తరబడి సాగిన చెత్తబుట్ట తగాదా ఒక్క పూటలో చల్లారింది. లారీల మోతలో వినపడకపోతే ఎంతసేపని అరుస్తారు?

ఇక ఫుట్‌పాత్. మోకాలెత్తున కట్టారు. ప్రతి గేటు దగ్గరా దిగాలి, మళ్ళీ ఎక్కాలి. దిగితే కారు, ఎక్కితే జనరేటరు. జిమ్ముకి పోయి చెమట కొనుక్కునే వాళ్ళారా, గుమ్మం ముందే ఉచితంగా పెడితే కళ్ళకి ఆనలేదా?

సైకిల్ ట్రాక్‌ని ఏమన్నా అంటే మాత్రం నేనూరుకోను. చక్కటి పచ్చరంగు వేసి, దాని మీద తెల్ల సైకిలు బొమ్మ గీశారు. ట్రాక్ మీద ఇంతవరకూ నిలబడిన సైకిలు అదొక్కటే. మిగతా జాగాలో కార్లు హాయిగా పడుకుంటాయి. పట్టుబట్టి ఒకరోజు మా అమ్మని వెనక కూర్చోబెట్టుకుని, కార్ల సందుల్లోంచి దాని మీదే తొక్కాను. అది మమ్మల్ని తిన్నగా ట్రాన్స్‌ఫార్మర్ ముందు వదిలిపెట్టింది.

"ఇదేం దారిరా? నేరుగా పైకే పంపుతారా?" అంది అమ్మ.

అమ్మ ఎక్కడికి బయల్దేరిందంటారా? పిన్ని ఇంటికి. పిన్ని ఇల్లెక్కడంటారా? మా ఇంటికి ఎదురుగా!

పిన్ని బాత్రూంలో జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. భుజం దాకా కట్టు. ఒంటరి మనిషి. ఎడంచేత్తో తింటుంది, తలుపు తీస్తుంది, టీవీని తిడుతుంది. తల మాత్రం దువ్వుకోలేదు. చిన్నప్పుడు ఆ తల దువ్వి పెంచింది మా అమ్మ. ఇంకొకరి చెయ్యి పిన్ని పడనివ్వదు. అందుకని ఇద్దరూ ఎవరి గేటు దగ్గర వాళ్ళు నిలబడి, మొహాలు చూసుకుంటూ ఫోన్లో మాట్లాడుకుంటారు.

"అక్కా, జుట్టంతా చిక్కులు పడిపోయింది. కత్తిరించి పారేస్తున్నా."

"కత్తెర ముట్టుకున్నావంటే ఆ రెండో చెయ్యి నేను విరగ్గొడతా."

"ముందు రావే తల్లీ, తర్వాత విరగ్గొడుదువు గాని!"

వెళ్ళడానికి అమ్మ ఆటో కూడా పిలిచింది. "ఎక్కడికి మామ్మా?" అన్నాడు ఆటో అతను. "అదిగో, ఆ నీలం గేటు" అని వేలు చూపించింది. అతను గేటునీ అమ్మనీ మార్చి మార్చి చూశాడు. "పొద్దున్నే నేనే దొరికానా?" అని, ఊరి చివర వంతెన దాకా పోయి తిరిగి రావాలని అమ్మ చెప్పేలోపే బండి లాగించేశాడు.

దాంతో నన్ను వెంటేసుకుని ఇంజనీరు ఆఫీసుకి వెళ్ళింది. ఇంజనీరు మర్యాదస్తుడు. లేచి కుర్చీ వేశాడు.

"అక్కడ క్రాసింగ్ పెట్టాలంటే రూలుందమ్మా. ఎంతమంది దాటుతున్నారో చూడాలి. మొన్న మనుషుల్ని కూర్చోబెట్టి పొద్దస్తమానం లెక్కపెట్టించాం."

"ఎంతమంది తేలారు?"

"జీరో అమ్మా. ఒక్కరూ దాటలేదు."

"కంచె కట్టాక ఎలా దాటుతారు నాయనా?"

"కంచె వేరే సెక్షనమ్మా."

అమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "పోనీ, నేను కంచె ఎక్కి దాటాననుకో. లెక్కలో వేస్తావా?"

"వేస్తామమ్మా, వెయ్యక తప్పదు" అని ఇబ్బందిగా నవ్వాడు. "కాకపోతే దాటినందుకు పోలీసులు ఫైన్ వేస్తారు. అది మా డిపార్ట్‌మెంట్ కాదు. బుధవారం ఇంకోసారి లెక్కిస్తాం. అప్పుడూ జీరో వస్తే ఇక ఫైలు మూసేస్తారు."

చూశారా ఎంత శాస్త్రీయం! నోళ్ళు కుట్టేసి, "ఎవరూ అన్నం అడగలేదు, ఊళ్ళో ఆకలి లేదు" అని తేల్చడం కూడా ఇలాగే కుదురుతుంది. కార్లకైతే ఎవరూ ఇలా పరీక్ష పెట్టలేదు. ఇంకా ఫ్యాక్టరీలో పుట్టని కార్లని కూడా ముందే లెక్కగట్టి, వాటికి జాగా వదిలి మరీ రోడ్డు వేశారు. పుట్టి డెబ్బయ్యేళ్ళయిన మా అమ్మ ఉన్నట్టు మాత్రం రుజువు కావాలట!

అమ్మ నిన్నటి నుంచి మంచం కోడు పట్టుకుని కాలెత్తడం ప్రాక్టీసు చేస్తోంది. వద్దన్నాను. పేపర్లో గట్టిగా రాస్తానన్నాను. "నీ రాతలు చదివి కంచె వంగుతుందా? వెనక నుంచి పట్టుకో, చాలు" అంది. దువ్వెన కూడా తీసి పెట్టుకుంది.

కాబట్టి, రోడ్డుకి అవతలివైపు ఉండే పాఠకులకి ఒక మనవి. బుధవారం పొద్దున్న, మీలో కాస్త పొడుగ్గా ఉన్నవాళ్ళు ఇద్దరు, లారీలు చూసుకుని రెయిలింగ్ దగ్గరికి రండి. ఇవతల నేను ఎత్తుతాను. అవతల మా అమ్మని మీరు దించుకోవాలి.