ఆఫ్ చేసి, పది లెక్కపెట్టి, ఆన్ చేయండి

శనివారం పొద్దున్న మన బ్లాగరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, రెండు టపాలు బ్లాగులో పెట్టేయడం, మూడో టపా కోసం సిటీ బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లి రావడం. ఇందులో ఎవరికీ ఏ నష్టమూ లేదు. అసలు ఆరేళ్లుగా ఆయన బ్లాగు వల్ల లోకంలో ఎవరికైనా నష్టం గానీ లాభం గానీ కలిగిన దాఖలా లేదు.

ఆఫీసులో ఆయన ఏం చేస్తాడన్నది ఆయనకే పట్టదు కాబట్టి మనమూ వదిలేద్దాం. ఇంటికొచ్చాక మాత్రం ఆయన బ్లాగరు. ఫోన్ల గురించి రాస్తాడు, హెడ్‌ఫోన్ల గురించి రాస్తాడు, కాక్‌టెయిళ్ల గురించి రాస్తాడు, మొన్ననే పరిచిన ఫుట్‌పాత్ రాళ్లు అప్పుడే ఎందుకు కదులుతున్నాయో రాస్తాడు. విషయాలు ఇన్ని ఉన్నా ఆయన దగ్గరున్న అచ్చు ఒక్కటే. కావలసినవి, చేసే పద్ధతి, జాగ్రత్తలు. హెడ్‌ఫోన్లు కొనాలన్నా అదే, ఫుట్‌పాత్ మీద నడవాలన్నా అదే. "ఇదేం రాతండీ?" అని భార్య అడిగితే "ఇది నా శైలి" అని ఛాతీ విరిచాడు. పాఠకులు మహా అయితే పది మంది. వాళ్లలో చదివిన ప్రతి ముక్కనూ తు.చ. తప్పకుండా పాటించే మనిషి ఒక్కరే, పిల్లనిచ్చిన మామగారు.

ఆ రోజు టపాల్లో ఒకటి ఆ మామగారి కోసమే. ఆయన ఇంట్లో వైఫై రౌటర్ గంటకోసారి వేడెక్కి మొండికేస్తోంది. రెండో టపా ఇంతకన్నా ముఖ్యమైనది. అది వదినగారి బారు గురించి.

వదినగారంటే భార్యకు సొంత అక్క. నాలుగు వీధుల అవతల, ఓ పాత భవనం కింది వాటాలో ముచ్చటపడి చిన్న కాక్‌టెయిల్ బారు పెట్టుకుంది. చేతిలో పనితనం ఉంది. అల్లం, తేనె, నిమ్మ కలిపి ఆమె చేసే కాక్‌టెయిల్ తాగినవాళ్లు గ్లాసు అడుగు కనిపించేదాకా లేవరు. కాకపోతే తాగినవాళ్లే లేరు. సాయంత్రాలు తుడిచిన గ్లాసులనే మళ్లీ తుడుస్తూ, ఈగలు తోలుకుంటూ కూర్చుంటోంది. భవనం ఓనరు మొన్ననే వచ్చి మొహం మీద చెప్పేశాడు.

"అమ్మా, మీ మీద నాకేం కోపం లేదు. కానీ మీ కొట్టు వల్ల నా బిల్డింగ్ మొత్తం బోసిపోయి కనిపిస్తోంది. శనివారం సాయంత్రం వస్తాను. జనం ఉంటే ఇంకో ఏడాది రాసుకుందాం. లేకపోతే తాళం నాతోనే తెచ్చుకుంటాను."

అందుకే ఆ పొద్దున్న భార్య ఆయన కుర్చీ వెనకే కాపలా కాస్తోంది. "మా అక్క ఉన్న ఉద్యోగం వదులుకుని ఆ కొట్టు పెట్టింది. ఆరేళ్లుగా రాస్తున్నారు కదా, ఈ ఒక్కసారి పనికొచ్చేది రాయండి. బారు అడ్రసు పెద్ద అక్షరాల్లో పెట్టండి."

"పెడుతున్నానే."

"పెట్టారా?"

"పెట్టనిస్తేగా!"

"ఇంకా ఎంతసేపండీ? జనం చూడొద్దూ? రావొద్దూ?"

ఆయన కంప్యూటర్లో రెండు కిటికీలు తెరుచుకుని, ఇందులోది కత్తిరించి అందులో, అందులోది కత్తిరించి ఇందులో అతికిస్తూ కిందామీదా పడుతున్నాడు. ఆఖరికి "అయింది తల్లీ, అయింది!" అంటూ రెండూ బ్లాగులోకి ఎక్కించేశాడు. రాసింది మళ్లీ చదివితే తాజాదనం పోతుందని ఆయన సిద్ధాంతం. ఫోను శబ్దం రాకుండా పెట్టుకుని, పరుగు పరుగున వెళ్లి బస్సెక్కాడు.

బస్సు ప్రయాణం దివ్యంగా సాగింది. కిటికీ పక్క సీటు దొరికింది. మార్కెట్టు, వంతెన, రెండు సినిమా హాళ్లు, సగం కట్టి వదిలేసిన షాపింగ్ కాంప్లెక్సు, అన్నిటినీ వీడియో తీసుకుంటూ వెళ్లాడు. చివరి స్టాపులో దిగి ఒళ్లు విరుచుకుని ఫోను చూస్తే, మామగారి నుంచి అందుకోని కాల్స్ బారెడు ఉన్నాయి. చూస్తుండగానే ఇంకోటి వచ్చింది.

"అల్లుడుగారూ, ఎంతసేపటి నుంచీ చేస్తున్నానండీ! మీరు రాసినట్టే చేస్తున్నాను. ఫ్రీజర్లో పెట్టి బాగా చల్లబరిచాను. అంచుల చుట్టూ నిమ్మచెక్క రుద్దాను. ఇప్పుడు ఉప్పు అద్దమన్నారు. రాళ్ల ఉప్పా, మెత్తటిదా?"

మామగారు కూడా కాక్‌టెయిల్ కలుపుకుంటున్నారని బ్లాగరు మురిసిపోయాడు. "మెత్తటిదే మామయ్యగారూ. తడి ఆరకముందే అద్దేయండి, బాగా పడుతుంది."

"అలాగే. మరి పుదీనా రెమ్మ ఎక్కడ గుచ్చాలి? ఏంటెన్నా పక్కన చిన్న సందుంది. అందులో గుచ్చనా?"

"గ్లాసుకి ఏంటెన్నా ఏమిటండీ?"

"గ్లాసేమిటండీ? నేను చెబుతున్నది మా రౌటర్ సంగతి!"

బ్లాగరుకు పై ప్రాణాలు పైనే పోయాయి. "మామయ్యగారూ! ఉప్పు వద్దు! పుదీనా అసలే వద్దు! పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే ప్లగ్గు పెట్టండి!"

"తుడవమని మీరు రాయలేదే?"

"ఇప్పుడు చెబుతున్నాను కదండీ!"

"అలాక్కాదు, అది కూడా బ్లాగులో రాసెయ్యండి. నాలాంటివాళ్లు ఇంకెవరైనా ఉంటే పాపం ఇబ్బంది పడతారు" అని మామగారు ఫోను పెట్టేశారు.

గబగబా బ్లాగు తెరిచాడు. అనుమానమే లేదు. రెండు టపాల్లోనూ 'చేసే పద్ధతి' తారుమారైంది. కాక్‌టెయిల్ చేసే పద్ధతి రౌటర్ టపాలో కూర్చుంది. రౌటర్ బాగు చేసే పద్ధతి వదినగారి బారు అడ్రసు పక్కన, ఆమె కాక్‌టెయిల్ ఫొటో కింద, పెద్ద అక్షరాల్లో వెలిగిపోతోంది.

"ముందుగా అన్నీ ఆఫ్ చేయండి. కంగారు పడకుండా మనసులో పది లెక్కపెట్టి, మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ ఫలితం లేకపోతే వీపు మీద మెల్లగా రెండు దెబ్బలు వేయండి. చుట్టుపక్కల ఉన్నవాళ్లను 'మీకు వస్తోందా?' అని అడగండి. వాళ్లకు వచ్చి మీకు రాకపోతే, గోడకు దూరంగా జరిగి మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించండి."

దాని కింద చూసినవాళ్ల అంకె కనిపించింది. ఎప్పుడూ పది దాటని ఆ అంకె నీళ్ల మీటరులా గిరగిరా తిరిగిపోతోంది. ఎవరో దాన్ని ఫొటో తీసి 'ఈ మేధావిని చూడండి' అని ఊరంతా పంచిపెట్టారు. సరిదిద్దుదామని వేలు పెట్టాడో లేదో, బస్సు కిటికీలోంచి అంత వీడియో తీసిన ఫోను చార్జింగ్ అయిపోయి కళ్లు మూసుకుంది.

తిరుగు బస్సు సాయంత్రం దాకా దొరకలేదు. ఎక్కాక అందులో ఆయన పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. ప్రతి సిగ్నల్ దగ్గరా బస్సు ఆగుతుంటే ఆయన గుండె కూడా ఆగుతోంది. వదినగారి పరువు పోయింది. కొట్టు పోయింది. ఊరంతా ఫోను చూసి నవ్వుతుంటే ఆ బారుకి ఏ ముఖం పెట్టుకుని వస్తారు? ఈ సంగతి తెలిశాక భార్య తనను ఇంట్లోకి రానిస్తుందా? 'ఓనరు కాళ్లావేళ్లా పడైనా ఇంకో వారం గడువు అడుగుతాను, బ్లాగు మూసేస్తాను' అని బస్సు రెయిలింగ్ పట్టుకుని ఒట్టు పెట్టుకున్నాడు. దిగేసరికి వీధి దీపాలు వెలిగాయి.

మలుపు తిరిగి చూస్తే బారు ముందు గుంపు. గొడవకే వచ్చారనుకుని, తల దించుకుని మెల్లగా దగ్గరికి వెళ్లాడు. వరసలో చివర నిలబడ్డ అమ్మాయిని, "ఏమైందమ్మా?" అని అడిగాడు.

"మీకు తెలీదా అంకుల్? ఎవడో మహానుభావుడు కాక్‌టెయిల్ ఎలా తాగాలో రాశాడు. పొద్దున్నుంచీ ఏ ఫోన్లో చూసినా అదే. నవ్వుకుని పోదామని వచ్చాం."

"మరి నవ్వుకుని పోక లైన్లో ఎందుకున్నారు?"

"రెండో గ్లాసుకండీ! ఏం కలిపిందో ఏమో గానీ ఆవిడ చేతిలో ఏదో ఉంది."

అప్పుడే లోపలి నుంచి "ఆఫ్ చేస్తున్నా!" అని కేక వినిపించింది. వరస వరసంతా గబుక్కున లోపలికి తోసుకుపోయింది. ఆ పది లెక్క తప్పిపోతుందని అందరికీ భయమే. వాళ్లతోపాటు బ్లాగరు కూడా లోపలికి కొట్టుకుపోయాడు. దీపాలు ఆరాయి. మనసులో లెక్కపెట్టమన్నారు కాబట్టి ఎవరూ కిక్కురుమనలేదు. పది కాగానే దీపాలు వెలిగాయి. మనుషులు ఒకరి వీపు మీద ఒకరు రెండేసి తట్టుకున్నారు, గ్లాసులెత్తారు, ముక్కూమొహం తెలియనివాళ్లను పట్టుకుని "మీకు వస్తోందా?" "వస్తోంది, వస్తోంది! మీకో?" అని అరుచుకున్నారు. రానివాళ్లు గోడకు దూరంగా జరిగి ఇంకో గ్లాసు చెప్పారు.

కౌంటరు వెనక భార్య మోచేతుల దాకా నురగతో గ్లాసులు కడుగుతోంది. వదినగారు రెండు చేతులా షేకర్లు ఊపుతోంది. జుట్టు రేగిపోయింది, మొహం వెలిగిపోతోంది.

"మరిదిగారూ, వచ్చారా! కొట్టు తెరవగానే మొదట ఇద్దరొచ్చి లైట్లు ఆర్పమంటే, ఓనరు పంపించిన మనుషులనుకుని చెడామడా తిట్టానండీ. తిట్టినా కదలరే! ఫోను తీసి చూపించారు. చూస్తే మీ రాత!"

"వదినా, అది తప్పు! అది రౌటర్‌ది! తారుమారైపోయింది. ఇప్పుడే అందరికీ చెప్పేస్తాను." ఆమె వద్దనేలోపే నిజాయితీ పొంగుకొచ్చి స్టూలెక్కేశాడు. "మిత్రులారా! ఆ టపా రాసిన వెధవను నేనే. అది కాక్‌టెయిల్ పద్ధతి కాదు, పాడైన రౌటర్‌ని బాగు చేసే పద్ధతి!"

కప్పు ఎగిరిపోయేలా నవ్వులు, చప్పట్లు. "రౌటర్! నాకో రౌటర్!" అని ఒకడు అరిచాడు. "ఇక్కడ రెండు రౌటర్లు!" అంది పక్కావిడ. అంతవరకు పేరు లేని ఆ కాక్‌టెయిల్‌కి పేరు కుదిరిపోయింది.

వదినగారు ఆయన చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. "దిగండి. ఇంకొక్క మాట సరిదిద్దారంటే, ముందు మీ మెయిన్ స్విచ్ ఆఫ్ చేస్తాను." ఆ వెంటనే గొంతెత్తి, "ఆఫ్ చేస్తున్నా!" అంది.

మళ్లీ చీకటి. బయట ఉన్న ఆఖరి మనిషి కూడా లోపలికి దూరిపోయాడు. వీధిలోంచి చూస్తే అది దీపం లేని, చప్పుడు లేని, మూతబడ్డ కొట్టు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుంటూ భవనం ఓనరు వచ్చాడు. ఒక చేతిలో కొత్త తాళం, రెండో చేతిలో చెవికి ఆనించిన ఫోను.

"రండి సార్, ధైర్యంగా రండి. నేను చెప్పలేదూ? పురుగు కూడా లేదిక్కడ. పాపం దీపం కూడా పెట్టుకోలేదావిడ. ఇదిగో, తాళం నా చేతిలోనే ఉంది, రేపట్నుంచే మీ సామాను..."

దీపాలు వెలిగాయి. కొట్టు పట్టనంత జనం ఆయన వంకే చూస్తున్నారు. ఓనరు నోరు తెరుచుకుంది, మూతపడలేదు. ఫోనులో "హలో? హలో?" అని ఎవరో పిలుస్తున్నారు. "తర్వాత చేస్తాను సార్" అని మాత్రం అనగలిగాడు.

ఎవరో ఆయన వీపు మీద మెల్లగా రెండు తట్టారు. వదినగారు గ్లాసు తెచ్చి, తాళం పట్టుకున్న చేతిలోంచి తాళం తీసి, ఆ చేతికే గ్లాసు అందించింది. ఓనరు ఒక గుక్క తాగాడు. పక్కనున్న అమ్మాయి ఆత్రంగా అడిగింది, "అంకుల్, మీకు వస్తోందా?"

ఓనరు కళ్లు మూసుకుని ఇంకో గుక్క తాగాడు. "కొద్దికొద్దిగా వస్తోందమ్మా" అన్నాడు. మూడో గుక్కకి గ్లాసు ఖాళీ. "వచ్చేసింది!"

కొట్టు దద్దరిల్లింది. ఆ గోలలోనే ఓనరు వదినగారి దగ్గరగా వంగి, "ఏడాది కాదమ్మా, మూడేళ్లు రాసుకుందాం. మధ్యలో ఖాళీ చేస్తానంటే నేనొప్పుకోను" అన్నాడు. వదినగారు తువ్వాలుతో కళ్లు తుడుచుకుంది. పొద్దున్నుంచీ గ్లాసులు తప్ప ఇంకేమీ తుడవని తువ్వాలది. అక్కను చూసి చెల్లెలు నురగ చేతులతోనే కావలించుకుంది. ఇద్దరూ నవ్వుతూ ఏడ్చారు, ఏడుస్తూ నవ్వారు.

కాసేపటికి భార్య ముక్కు ఎగబీల్చి మొగుడి వైపు తిరిగింది. "నాన్న ఫోన్ చేశారు. చల్లబడేసరికి రౌటర్ దారికొచ్చిందట, నెట్ పరుగులు పెడుతోందట. ఇల్లంతా నిమ్మ వాసన అట. మా అల్లుడు చెప్పాడంటే తిరుగుండదని వీధిలో అందరినీ ఆపి మరీ చెబుతున్నారు."

బ్లాగరు భుజాలు రెండూ పైకి లేచాయి. ఆరేళ్ల కష్టం ఒక్క రోజులో ఫలించింది. రాసింది మళ్లీ చదవకూడదన్న తన సిద్ధాంతం ఎంత గొప్పదో లోకానికి తెలిసొచ్చింది. ఆ టపాను జన్మలో సరిదిద్దకూడదని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు. జనాన్ని మోచేత్తో పక్కకు తప్పిస్తూ, ఇదంతా తనవల్లే అన్నంత దర్జాగా వెళ్లి కౌంటరు మీద చెయ్యి ఆనించాడు.

"వదినా, నాకో రౌటర్ పెట్టండి."

వదినగారు షేకర్ మీద నుంచి తల కూడా ఎత్తలేదు.

"వరస తలుపు బయట మొదలవుతుంది మరిదిగారూ."