షికారు దరఖాస్తు, జతపరచిన క్యారేజీ

మా పట్టణ శ్మశానవాటికలో షికారు చేయాలంటే అక్కడి మృతుల అనుమతి తెచ్చుకోవాలన్న నిబంధన వచ్చి మూడేళ్లయింది. మొదట్లో కాస్త గొణిగిన జనం ఇప్పుడు దరఖాస్తు ఫారాలు జిరాక్సు తీయించి ఇంట్లో దాచుకుంటున్నారు. గొణగడానికి మాత్రం ఏముంది? పెద్ద పార్కులో దుకాణాలు లేచాయి, చిన్న పార్కులో వాటర్ ట్యాంకు లేచింది. ఊరు మొత్తానికి నాలుగు వేపచెట్లు, కాసింత గాలి మిగిలింది చచ్చిపోయినవాళ్ల దగ్గరే. వాళ్ల చోటికి వెళ్తూ వాళ్లని అడగడం మర్యాదే కదా.

మృతులు తమలో ఒక కమిటీ వేసుకున్నారు. ఆఫీసు పని తెలిసినవాళ్లు కావాలి కాబట్టి పోయిన గుమాస్తాలంతా అందులో చేరారు. గేటు పక్క గదిలో కూర్చునే మస్తాన్ వలీ మాత్రం బతికున్న ఉద్యోగే. సాయంత్రం నాలుగింటికి, ఆ రోజు వచ్చిన కాగితాలన్నీ చెక్క ట్రేలో పెట్టి, లోపలివైపు కిటికీ అంచున ఉంచి ఇంటికెళ్తాడు. మర్నాడు పదింటికి వచ్చేసరికి అవే కాగితాలు ఎర్ర సిరా అభ్యంతరాలతో ఉంటాయి, వాటి మీద కాసిని వేపపూలు రాలి ఉంటాయి. మధ్యాహ్నాలు చెట్ల మధ్య నుంచి టైపు మిషను చప్పుడు నిద్రలో విన్నట్టు వస్తుంటుంది. ఎవరూ తల తిప్పి చూడరు.

సువార్తమ్మ దరఖాస్తు పెట్టింది ఒకే ఒక్క గంట కోసం. ఆమె భర్త దైవాదీనం పురపాలక ఆఫీసులో ముప్పయ్యొక్కేళ్లు జనం దగ్గర కాగితాలు తీసుకునే సీట్లో కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల కొత్త పెళ్లికూతురుగా ఆమె ఒకసారి “పార్కుకెళ్దామండీ” అని అడిగితే, “రిటైరవ్వనీ, రోజూ వెళ్దాం” అన్నాడు. రిటైర్మెంటు ఇంకా పదకొండు రోజులుందనగా ఒక కాగితం మీద ముద్ర వేస్తూ సీట్లోనే పోయాడు. ముద్ర సగమే పడింది. ఆ కాగితం తాలూకు మనిషి పాపం ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు. సువార్తమ్మ షికారు కూడా అలాగే ఆగిపోయింది. ఆ వేపచెట్ల కింద ఆయనతో కలిసి ఒక గంట నడవాలి, అంతే ఆమె కోరిక.

మర్నాడే కాగితం వెనక్కి వచ్చింది. “దరఖాస్తుదారుకు మృతునితో గల సంబంధం రుజువు కాలేదు. సరిచేసి మళ్ళీ సమర్పించవలెను.” రాత సాక్షాత్తూ దైవాదీనానిదే.

“చూశావా బాబూ! ముప్పయ్యొక్కేళ్లు వండిపెట్టానే, నేనెవరో తెలీదంట ఈయనగారికి!” అంది సువార్తమ్మ.

“తెలీక కాదమ్మా. తెలుసు, రుజువు లేదన్నారు. రెండూ వేరు కదా,” అన్నాడు మస్తాన్ వలీ. “ఏదన్నా ఆధారం జతపరచండి.”

పెళ్లి రాసిన చర్చి రిజిస్టరు ఎప్పుడో వరదలో పోయింది. ఒళ్లు మండి, ఆమె మర్నాడు క్యారేజీ తెచ్చి బల్ల మీద టక్కున పెట్టింది. “ఇదే నా ఆధారం. పెట్టు లోపల.” మస్తాన్ వలీ దానికి చీటీ కట్టాడు. “జతపరచినవి: క్యారేజీ ఒకటి, గిన్నెలు మూడు. గోంగూర పప్పు, చల్ల మిరపకాయలు, పెరుగన్నం.”

పొద్దున క్యారేజీ ఖాళీగా తిరిగొచ్చింది. మూత అంచున కరివేపాకులు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా అంటించి ఉన్నాయి. అలా తీసిపెట్టే మనిషి ఈ భూప్రపంచంలో ఒక్కడే. సువార్తమ్మ మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కాగితం మీద ఇలా ఉంది: “సంబంధం రుజువైనది. అయితే తాలింపు మాడినది. సరిచేసి మళ్ళీ సమర్పించవలెను.”

“మాడిందంట! ఒక్కరోజన్నా పొయ్యి దగ్గర నిలబడ్డాడా ఈ మనిషి?” అని కళ్లు తుడుచుకుని, అట్నుంచటే కూరగాయల మార్కెట్టుకెళ్లింది.

అప్పట్నుంచి రోజూ క్యారేజీ, రోజూ అభ్యంతరం. పచ్చడిలో ఉప్పెక్కువ. పద్నాలుగో గడి నింపలేదు. కాకరకాయ ఇంకొంచెం వేగవలెను. ఒకరోజు “దరఖాస్తుదారు దగ్గుచున్నట్లు తెలియవచ్చినది. వైద్యుని పత్రం జతపరచవలెను” అని వచ్చింది. సువార్తమ్మ ఆసుపత్రికెళ్లి చూపించుకుని, మందు వాడి, పత్రం తెచ్చింది. కాపురం చేసిన అన్నేళ్లలో ఆయన ఆమె దగ్గు గురించి ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. చీర మారిస్తే చూడని మనిషి ఇప్పుడు కళ్లజోడు మార్చుకోమని రాస్తున్నాడు. ఆమెకు ఆ ఎర్ర సిరా మీద ఎక్కడలేని ఇష్టం కలిగింది. ఒప్పుకోవడానికి సిగ్గేసింది కానీ, ఇష్టమే.

ఏడో నెలలో మృతులు పెండింగ్ ఫైళ్ల తగ్గింపు వారోత్సవం జరుపుకున్నారు. సువార్తమ్మ కాగితం మీద “మంజూరైనది” అన్న ముద్ర నిండుగా పడి వచ్చింది.

“రేపు మూడింటి నుంచి నాలుగింటి దాకా షికారమ్మా. ఒక్కసారికే. అయ్యాక ఫైలు మూసి రికార్డు రూముకి పంపేస్తారు,” అని చదివి వినిపించాడు మస్తాన్ వలీ.

“ఆయన నాతో నడుస్తారుగా?”

“అది ఆఫీసు వేళ కదమ్మా. సార్ సీట్లోంచి లేవరు. మీరొక్కరే తిరిగి రావాల.”

“మరి క్యారేజీ?”

“ఫైలే లేకపోతే దేనికని జతపరుస్తామమ్మా?”

సువార్తమ్మ కొత్త కళ్లజోడు పెట్టుకుని కాగితం మొదట్నుంచీ చదివింది. షరతులు దాటి, సంతకాలు దాటి, మళ్లీ పైకొచ్చి వయసు గడి దగ్గర ఆగింది. ఆమెకు యాభై ఏడు. అక్కడ ఎర్ర సిరాతో ఇరవై రెండు అని ఉంది. గడి నింపడంలో దైవాదీనం పొరపాటు పడ్డాడన్న మాట ఆ ఆఫీసులో ఎవరూ ఎన్నడూ ఎరగరు. ఆమె చాలాసేపు ఆ అంకెనే చూసింది. గేటు లోపల వేపచెట్ల కింద నీడ మెల్లగా కదులుతోంది.

“ఇదిగో బాబూ, వయసు తప్పు పడింది. వెనక్కి పంపు.”

“అంత చిన్నదాన్ని ఎవరు చూస్తారమ్మా! మంజూరు కోసం జనం ఇక్కడ ఏడుస్తుంటే...”

“తప్పు తప్పే. పంపు,” అని ఆమె కాగితం మీద క్యారేజీ పెట్టింది.

మస్తాన్ వలీ చీటీ కట్టాడు. అలా తప్పులు చూపించి మంజూరు వెనక్కిచ్చినవాళ్లలో ఆ వారం ఆమె పంతొమ్మిదో మనిషి. మూడేళ్లుగా ఆ శ్మశానంలో బతికున్నవాళ్లెవరూ షికారు చేయలేదు. గేటు దగ్గర క్యూ మాత్రం రోజూ ఉంటుంది, అందులో సగం మంది చేతుల్లో క్యారేజీలుంటాయి.

మర్నాడు పదింటికి మూత మీద కరివేపాకులు వరసగా ఉన్నాయి. “వయసు విషయం పరిశీలనలో ఉన్నది. చాలా కాలం పట్టును. రేపు వంకాయ సమర్పించవలెను.”