డచ్ హార్లన్ పంపిన గ్రిట్స్

బుధవారం పొద్దున వెర్బీనా పెట్టుకున్న పని చిన్నదే. డీప్ ఫ్రీజర్‌లోంచి గ్రిట్స్ గిన్నె తీసి, ఓవెన్‌లో వేడిచేసి, తుంటి విరిగి మంచాన పడ్డ హాలిస్ గారింట్లో ఇచ్చేసి, ఎండెక్కేలోగా వచ్చి బెండకాయలు కోసుకోవాలి. మొక్కజొన్న రవ్వలో చీజ్, గుడ్లు, పచ్చిమిర్చి కలిపి చేసే ఆ వంటకం కౌబాయ్ సినిమాల హీరో డచ్ హార్లన్‌కు ప్రాణమని ఏదో పత్రికలో చదివి చేసింది. మిగతా గిన్నెల్లో కలిసిపోకుండా ‘డచ్ హార్లన్’ అని టేపు ముక్క మీద రాసి గిన్నె అడుగున అంటించి పెట్టుకుంది.

అలబామాలోని ఆ ఊళ్ళో ఫ్రీజర్‌లో ఉండే గిన్నెకు వంటకం పేరు రాస్తారు. పక్కింటికి వెళ్ళే గిన్నెకు పంపినవాళ్ళ పేరు రాస్తారు, గిన్నె తిరిగి రావాలి గనక. మొదటి టేపు పీకి రెండోది అంటించడం ముప్ఫై ఏళ్ళలో వెర్బీనా ఒక్కసారీ మరిచిపోలేదు. ఆ రోజు మరిచిపోయింది. హాలిస్ గారి తలుపు తడితే ఎవరూ పలకలేదు. ఆయన భార్య మావిస్ కోళ్ళగూడు దగ్గర ఉన్నట్టుంది. గిన్నెను వరండాలో బల్ల మీద పెట్టి వచ్చేసింది.

సాయంత్రం యూలా ఫోన్ చేసింది. చర్చి ఆడవాళ్ళు వేస్తున్న వంటల పుస్తకానికి ఆవిడే పెద్ద దిక్కు. అందులో గ్రిట్స్‌కు ఒక్కటే పేజీ. ఆ పేజీలో తన పేరు చూసుకోవాలని వెర్బీనా రెండుసార్లు రాసిచ్చింది, రెండుసార్లూ “చూద్దాంలే” అనిపించుకుంది.

“విన్నావా? డచ్ హార్లన్ మన హాలిస్‌కి గ్రిట్స్ పంపించాడంట.”

వెర్బీనా చేతిలోని బెండకాయ చేతిలోనే ఉండిపోయింది.

ఇరవై ఏళ్ళ కిందట ఆ దగ్గర్లో డచ్ హార్లన్ సినిమా తీసినప్పుడు, హీరో గుర్రాన్ని ఓ మధ్యాహ్నమంతా తానే పట్టుకున్నానని, “నీకో పూట భోజనం పెట్టాలోయ్” అని ఆయన భుజం తట్టాడని హాలిస్ చెప్పని రోజు లేదు. నమ్మిన మనిషీ లేడు, పెళ్ళాంతో సహా.

“కాలిఫోర్నియా నుంచి గ్రిట్స్ ఎలా వస్తాయి యూలా?”

“అదేంటి, అంత పెద్దవాళ్ళకి విమానాలుండవూ? గిన్నె ఇంకా వేడిగానే ఉందంట.”

నిజం చెప్పేద్దామని మర్నాడు వెళ్ళింది. మూడు వారాలుగా గోడవైపు తిరిగి పడుకుని చెంచాడు సూపు కూడా ముట్టని మనిషి నున్నగా గడ్డం గీసుకుని, టోపీ పెట్టుకుని, దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. గిన్నె సగం ఖాళీ.

“రా వెర్బీనా. మాట మీద నిలబడే మనిషంటే ఆయనమ్మా. ఓ ముద్ద తిను.”

తింది. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

“నువ్వు చేసేదీ బాగానే ఉంటుందిలే,” అన్నాడు హాలిస్ ఓదార్పుగా. “ఇది వేరు.”

మావిస్ ఆమెను తలుపు చాటుకు లాగింది. “డాక్టరు బతిమాలినా ముట్టుకోని వాకర్ ఇవాళ తనే అడిగాడే.”

వెర్బీనా చెప్పదలుచుకున్న మాట ఆ ముద్దతోపాటే గొంతు దిగిపోయింది.

శుక్రవారం యూలా హాలిస్ ఇంటికి వచ్చి రుచి చూసి, పుస్తకంలో ఆ పేజీ డచ్ హార్లన్‌కే అని అక్కడికక్కడే తేల్చేసింది. ఎలా చేశారో మాత్రం ఎవరికీ తెలియదు. “నువ్వు కాస్త రుచి చూసి చెప్పవే,” అని వెర్బీనాను పిలిపించింది. వెర్బీనా కిటికీలోంచి బయటికి చూస్తూ రవ్వెంతో, చీజెంతో, ఓవెన్‌లో ఎన్ని నిమిషాలో గడగడా చెప్పేసింది.

“నీ నాలుక బంగారం,” అంది యూలా రాసుకుంటూ.

ఆ మధ్యాహ్నమే హాలిస్ హీరోకు కృతజ్ఞతలు రాసి, వాకర్ పట్టుకుని, రోడ్డు పక్కనున్న పోస్టు డబ్బా దాకా తనే నడిచి ఉత్తరం వేసి వచ్చాడు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. వినడానికి పాస్టరుగారితో సహా జనం వచ్చి కూర్చున్నారు. మావిస్ చదివింది.

“హాలిస్ గారికి. ఆ గ్రిట్స్ నేను పంపలేదు. నాకు నీళ్ళు కాచడం కూడా రాదు. మిమ్మల్ని మాత్రం మరిచిపోలేదు. గుర్రం మీ పాదం మీద కాలేసి నిలబడితే కళ్ళెం వదలకుండా పళ్ళు బిగబట్టిన మనిషిని ఎలా మరిచిపోతాను? భోజనం మాట నిజంగానే అన్నాను.”

ఇరవై ఏళ్ళు నవ్వినవాళ్ళంతా తమ బూట్లవైపు చూసుకున్నారు. మావిస్ ఉత్తరం మడిచి మొగుడి చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు.

“మరి ఆ గ్రిట్స్ ఎవరివి?” అంది యూలా.

ఇప్పుడు చెబితే ఎవరికీ నష్టం లేదు. “నావి,” అంది వెర్బీనా. ఫ్రీజరు, టేపు, వరండా, అన్నీ వరసగా చెప్పింది.

యూలా జాలిగా ఆమె మోచేయి నిమిరింది. “ఊరుకో తల్లీ. రుచి చూసి చెప్పినంత మాత్రాన వండినట్టు కాదు.”

“ఆ టేపు మీది రాత నాదే యూలా.”

“అన్నీ అచ్చేసినట్టు పెద్దక్షరాలేగా. ఎవరు రాసినా అలాగే ఉంటాయి.”

“ఒక్క పేజీ కోసం మనసు పాడుచేసుకోకండి, మిస్ వెర్బీనా,” అన్నాడు పాస్టరు మెత్తగా. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

హాలిస్ తన వాకర్‌తో ఓ కుర్చీని ఆమె దగ్గరకు తోసి, తానూ ఎదురుగా కూర్చున్నాడు.

“నేను నమ్ముతాను వెర్బీనా,” అన్నాడు. “మొదటి ఇరవై ఏళ్ళే కాస్త కష్టం.”