పన్నెండో నంబరు అతిథి

ఆ శనివారం ఉదయం డ్రైవింగ్ మాస్టారు చెయ్యాల్సిన పనులు రెండే. తొమ్మిదింటికి ఓ బ్యాంకు క్లర్కుకి రివర్స్ గేరు నేర్పడం, పదకొండింటికి బస్టాండుకి వెళ్లి అతిథిని ఇంటికి తీసుకురావడం. ఈ రెంటిలో మొదటిదే కష్టమని ఆయన అనుకున్నారు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన మనిషి ఆయన. ఎవరికైనా ఏదైనా నేర్పగలనన్న నమ్మకం పుట్టుకతోనే వచ్చింది. ఎదుటివాళ్లకి అది ముందే తెలిసి ఉండవచ్చన్న అనుమానం మాత్రం ఇంతవరకూ రాలేదు.

అతిథి సంగతి ఇదీ. వారం రోజులుగా ఊళ్లో పదిహేనేళ్లలోపు ఆడపిల్లల క్లబ్బులకి అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలు జరుగుతున్నాయి. మాస్టారి కూతురు ఊరి క్లబ్బు జట్టులో ఎడమవైపు డిఫెండరు. ఆ జట్టు ఎవరూ ఊహించనట్టుగా ఫైనల్ చేరింది. జట్టు పిల్లలంతా క్లబ్బు హాస్టల్లోనే ఉంటున్నారు కాబట్టి మాస్టారింట్లో కూతురి గది ఖాళీగా ఉంది. ఫైనల్లో తలపడబోయే విదేశీ జట్టు గోల్‌కీపరుకి మణికట్టు బెణికింది. ఆమె బదులు శనివారం ఇంకో పిల్ల వస్తోందనీ, వాళ్ల బసలో మంచం ఖాళీ లేదు కాబట్టి ఫైనల్ అయ్యేదాకా ఆ పిల్లకి చోటివ్వాలనీ క్లబ్బు సెక్రటరీ అడిగితే మాస్టారు వెంటనే ఒప్పుకున్నారు. పిల్ల చేతిలో పన్నెండు అని రాసిన చీటీ ఉంటుందన్నాడు సెక్రటరీ.

సెక్రటరీకి తట్టని విషయం ఒకటుంది. అదే బస్సులో ఫైనల్ ఆడించే రిఫరీ కూడా వస్తోంది. ఆవిడకి హోటల్లో గది తీశారు. రిఫరీల జాబితాలో ఆవిడ నంబరూ పన్నెండే, చేతిలో చీటీ మీదా అదే.

బస్సు దిగినవాళ్లలో ట్రాక్‌సూట్ వేసుకుని, జుట్టు వెనక్కి బిగించి కట్టుకున్న ఓ బక్కపల్చటి అమ్మాయి పన్నెండు చీటీతో కనిపించింది. మాస్టారి భుజం దాకా కూడా లేదు. ఆయన సంచీ అందుకున్నారు. అమ్మాయికి ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని తన భాషలో ఒక మాట చెప్పి నవ్వింది. అది పేరని మాస్టారు గ్రహించి, రెండుసార్లు పలికి, బాగా పలికానని తనను తానే మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఆ పేరుతోనే పిలిచారు. పిలిచినప్పుడల్లా అమ్మాయి చాలా మర్యాదగా తల ఊపింది.

భోజనం కాగానే ఎదిగే పిల్లకి నిద్ర కావాలని మాస్టారు గదిలో కర్టెన్లు వేసి పడుకోబెట్టారు. నాలుగింటికి లేపి పెద్ద గ్లాసుడు పాలు తాగించారు. తర్వాత కార్లు తిప్పే ఖాళీ జాగాలోకి తీసుకెళ్లి, పార్కింగు నేర్పేటప్పుడు అడ్డం పెట్టే నారింజరంగు కోన్లు పరిచి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టారు. అమ్మాయి కాసేపు శ్రద్ధగా చూసి, వంగి ఒక కోనుని రెండడుగులు వెనక్కి జరిపింది. మాస్టారు దాన్ని మళ్లీ ముందుకి జరిపారు. ఆమె మళ్లీ వెనక్కి జరిపింది. రెండు గంటల తర్వాత ఆయన చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చి భార్యతో చెప్పారు.

"పిల్ల చురుకైనదే. కానీ రూల్సు బొత్తిగా తెలీవు. పైగా మొండి."

భార్య పళ్ల డాక్టరు. వీధిలో అందరూ డాక్టరమ్మ అంటారు. ఆవిడ ఎవరి మొహమైనా నోటి దగ్గర మొదలుపెట్టి చూస్తుంది. సాయంత్రం ముగ్గురూ బల్ల ముందు కూర్చున్నప్పుడు మాస్టారు బంతి ఎలా పట్టాలో గుండ్రటి రొట్టెతో చూపించబోయి దాన్ని సూపులో పడేశారు. అమ్మాయి తల వెనక్కి వాల్చి పడీ పడీ నవ్వింది. డాక్టరమ్మ చెంచా కింద పెట్టేసింది. భర్తని వంటగదిలోకి పిలిచి, మెల్లగా అంది.

"ఏమండీ, ఆ పిల్లకి నాలుగు జ్ఞానదంతాలూ వచ్చేశాయి. ఒకదానికి సిమెంటు కూడా పెట్టించుకుంది."

"అయితే?"

"పధ్నాలుగేళ్లకి రావు."

మాస్టారు బల్ల దగ్గరికి తిరిగి వచ్చి, నీ వయసెంత అని వేళ్లతో సైగ చేశారు. అమ్మాయి దాపరికం లేకుండా ముందు రెండు వేళ్లు, తర్వాత ఏడు వేళ్లు చూపించింది. ఇరవై ఏడు. మాస్టారికి ఒళ్లు మండింది, పిల్ల మీద కాదు. పాపం, అబద్ధమాడడం కూడా చేతకాని దాన్ని తీసుకొచ్చి చిన్నపిల్లల గోల్లో నిలబెడుతున్నారు ఆ జట్టువాళ్లు. తొందరపడొద్దు, ముందు ఎవరినైనా కనుక్కోండి అని డాక్టరమ్మ చెప్పి చూసింది. వెనకాల అద్దం చూసుకోకుండా బండి తిప్పడం మాస్టారు శిష్యులకెప్పుడూ నేర్పలేదు. కానీ సొంత విషయాల్లో ఆయనకి అద్దం చూసుకునే అలవాటు లేదు.

ఆదివారం ఉదయాన్నే డ్రైవింగ్ స్కూలు లెటర్‌హెడ్ మీద ఫిర్యాదు రాశారు. విదేశీ జట్టు వయసు మోసం చేసిందనీ, వాళ్లని పోటీ నుంచి తీసేయాలనీ. కింద డాక్టరమ్మని సంతకం పెట్టమంటే ఆవిడ ఒకే ఒక్క వాక్యం రాసిచ్చింది: "మా ఇంటి అతిథి నోట్లో నాలుగు జ్ఞానదంతాలు చూశాను, అంతకుమించి ఏమీ చూడలేదు."

మాస్టారు వెళ్లేసరికి క్లబ్బు సెక్రటరీ ఒక చేత్తో టెలిఫోను, ఇంకో చేత్తో తల పట్టుకుని ఉన్నాడు. హోటల్లో దించిన రిఫరీ శనివారం నుంచీ ఐస్‌క్రీముల మీద ఐస్‌క్రీములు తెప్పించుకుంటోందట. మంచం మీద ఎగురుతోందట. నడవాలో బంతి ఆడి దీపం పగలగొట్టిందట. ఇలాంటి మనిషి చేత ఫైనల్ ఎలా ఆడించాలో సెక్రటరీకి పాలుపోవడం లేదు. దానికి తోడు మాస్టారి ఫిర్యాదు. విదేశీ జట్టు మేనేజర్ని పిలిపించారు. ఆయన వెంట ఆరు భాషలొచ్చిన దుబాసీ కూడా వచ్చాడు. మా పన్నెండో నంబరుకి పధ్నాలుగేళ్లు నిండి నెలే అయింది, చూపించండి ఎక్కడుందో అని మేనేజరు బల్ల గుద్దాడు. అందరూ మాస్టారి కార్లోనే ఆయన ఇంటికి బయల్దేరారు.

అతిథి మెట్ల మీద కూర్చుని బూట్లకి పాలిష్ పెట్టుకుంటోంది. ఒంటి మీద నల్లటి చొక్కా, మెడలో విజిలు. మాస్టారు కారు దిగుతూనే ధీమాగా పేరు పెట్టి పిలిచారు. ఆమె తల ఊపింది.

దుబాసీ ఆగిపోయాడు. "ఇప్పుడేమని పిలిచారు?"

"పేరు పెట్టి పిలిచానండీ."

"అది పేరు కాదు మాస్టారూ. ఈవిడ భాషలో రిఫరీ అని."

సెక్రటరీ జేబులోంచి రెండు జాబితాలూ తీసి పక్కపక్కన పెట్టుకుని చూసి, మెట్ల మీద కూలబడ్డాడు. మేనేజరుకి మాత్రం విషయం ఇంకోలా అర్థమైంది. ఫైనల్ ఆడించాల్సిన రిఫరీ ఎదుటి జట్టు పిల్ల ఇంట్లో తిని, ఆ పిల్ల మంచం మీదే పడుకుంది. ఆయన మాస్టారి ఫిర్యాదు తీసుకుని, కాగితం వెనక్కి తిప్పి, ఊరి జట్టునే పోటీ నుంచి తీసేయాలని అక్కడే రాయడం మొదలుపెట్టాడు. ఈ కబురు హాస్టల్‌కి చేరడానికి పది నిమిషాలు పట్టలేదు. కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, వారం నుంచి మోకాళ్లు పగలగొట్టుకుని ఆడాం. నువ్వు ఒక్కరోజులో ఏం చేశావు?"

మాస్టారు ఫోను డాక్టరమ్మ చేతికిచ్చేశారు. వివరించి చెప్పే అవకాశం వదులుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

దుబాసీ రిఫరీకి అంతా వివరించాడు. ఆమె విజిలు సరిచేసుకుని నింపాదిగా చెప్పింది, అతను తెలుగు చేశాడు. "ఈ ఇంట్లో పాలు తాగిన మాట నిజం. రెండు గంటలపాటు ఆఫ్‌సైడ్ తప్పుగా నేర్పించుకున్న మాటా నిజం. పాలకీ పాఠానికీ చెల్లు. నేను వీళ్లకి బాకీ లేను." మేనేజరు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఎలాగూ వేరే రిఫరీ లేదు. ఆట ఆడిద్దామన్నాడు. ఊరి జట్టు గెలిస్తే మాత్రం ఫిర్యాదు దాఖలు చేస్తానని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఫైనల్లో, హోటల్లో దొరికిన పన్నెండో నంబరు పిల్ల గోల్లో నిలబడి వచ్చిన ప్రతి బంతినీ పట్టేసింది. ఇరుపక్కలా గోలు లేదు. ఇంకా పది నిమిషాలుందనగా బంతి మాస్టారి కూతురి మోచేతికి తగిలింది. రిఫరీ క్షణం ఆలోచించకుండా పెనాల్టీ చూపించింది. గీత బయట నిలబడ్డ మాస్టారికి మతి పోయింది. తిన్నగా మైదానంలోకి నడిచి వెళ్లి, చెయ్యి ఒంటికి ఆనే ఉందని రిఫరీకి నేర్పడం మొదలుపెట్టారు. ఆమె ఓపిగ్గా విని, ఎర్రకార్డు తీసి ఆయన మొహం ముందు పెట్టి గేటువైపు చెయ్యి చూపించింది. మాస్టారు మిగతా ఆట కంచె అవతల, తీగల సందుల్లోంచి చూశారు.

పెనాల్టీ స్తంభానికి తగిలి బయటికి పోయింది. ఆఖరి నిమిషంలో కూతురు ఎడమవైపు నుంచి కొట్టిన బంతికి జట్టులో పొడుగుపిల్ల తల ఆనించింది. ఊరి జట్టు ఒక గోలుతో గెలిచింది.

చప్పట్లు సగంలోనే ఆగిపోయాయి. అందరూ మేనేజరు జేబువైపు చూస్తున్నారు. ఆయన కాగితం తీసి విప్పాడు. రిఫరీని చూశాడు, కంచె తీగలు పట్టుకుని నిలబడ్డ మాస్టారిని చూశాడు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"అన్నం పెట్టిన మనిషినే బయటికి గెంటింది," అన్నాడు దుబాసీ ద్వారా. "ఈవిడ పక్షపాతి అని రాస్తే మా దేశంలో నన్ను చూసి నవ్వుతారు."

మరుసటి వారం క్లబ్బు నుంచి మాస్టారికి ఉత్తరం వచ్చింది. జట్టు విజయంలో మీ పాత్ర మరువలేనిదని మొదటి పేరా, ఏడాదిపాటు మైదానం ఛాయలకి రావద్దని రెండో పేరా. మాస్టారు మొదటి పేరా వరకు కత్తిరించి ఫ్రేము కట్టించారు.