బావ పాస్‌వర్డు

పన్నెండు లోపు నోటీసు పెట్టేసి, టీ తాగి, రెండో షిఫ్టుకు ఇస్త్రీ హాల్లో నిలబడాలి. ఆ ఉదయం, అందరూ బటన్ అని పిలిచే కుర్రాడు వేసుకున్న పథకం ఇంతే. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో అతను ఇస్త్రీ కార్మికుడు. యూనియన్ వెబ్‌సైటు కూడా అతనే చూస్తాడు. కనిపించిన ప్రతి బటనూ నొక్కుతాడు కనుక ఆ పేరొచ్చింది.

నోటీసు చిన్నదే. ఇస్త్రీ హాల్లో ఆవిరి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టకపోతే రేపు పని బంద్. కిందటి వారం ఆ ఉక్కకు బటన్ సొంత అక్కే స్పృహ తప్పి పడిపోయింది. కాలే ఇస్త్రీ రోలరు మీద పడకపోవడం ఆమె అదృష్టం. రోలరు వేడెక్కితే ఆపి చల్లార్చాలని యాజమాన్యానికి తెలుసు. మనిషి వేడెక్కితే మాత్రం ఆలోచిద్దాం అంటుంది. పడిపోయిన ఆ అక్కే యూనియన్ కార్యదర్శి. ఒప్పందం ప్రకారం సమ్మె నోటీసు ముందురోజు మధ్యాహ్నం పన్నెండుకల్లా యూనియన్ సైటులో కనిపించాలి. లేదంటే సమ్మె చెల్లదు, చేసినవాళ్ల ఉద్యోగాలు ఊడతాయి.

అంతా సవ్యంగానే జరిగేది, నిన్న సైటులో "కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది" అంటూ నీలం బటన్ కనిపించకపోతే. బటన్ దాన్ని నొక్కాడు. బాగున్నదాన్ని బాగుచేయడమనే జబ్బుకు మందు లేదు.

ఇప్పుడు సైటు "ఈ పని చేయడానికి మీకు అనుమతి లేదు" అంటోంది. బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లాడు. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. చివరికి దాని నెత్తిన ఒకటి కొట్టాడు. అదే మాట.

"పెట్టావా?" అంటూ అక్క రేకుల షెడ్డులోకి వచ్చింది. అదే యూనియన్ ఆఫీసు.

"పెడుతున్నానక్కా. అనుమతి లేదంటోంది."

"ఎవరంట?"

"సైటు."

"మన కొంపలోకి మనల్నే రానివ్వదా? నా పేరుతో వెళ్లు. కార్యదర్శినని చెప్పు!"

"చెప్పా. నీకూ లేదంట."

వెతగ్గా వెతగ్గా గుట్టు తెలిసింది. యూనియన్లో పెద్దాచిన్నా ఉండకూడదని వాళ్లు చేతులెత్తి ఓటేసి, సభ్యులందరికీ సైటులో "అందరూ సమానం" అనే ఒకే హోదా సొంతంగా తయారుచేసి ఇచ్చుకున్నారు. అలాంటి హోదా ఒకటుంటుందని కొత్త వెర్షన్‌కు తెలియదు. అందర్నీ ఒక్క తోపున అట్టడుగుకు, చదువరుల్లోకి నెట్టింది. చదువరి చదవగలడు, అంతే. సమానత్వం మాత్రం చెక్కుచెదరలేదు.

"రాయగలిగే మనిషి ఒక్కడూ మిగల్లేదా?"

"ఒక్కడున్నాడు. నిర్వాహకుడు. మొదట్లో సైటు పెట్టినవాడు."

"ఎవడు వాడు?"

"వాడు వీడు అనకే. మా బావ."

అక్క కూలబడింది. ఆ రోజుల్లో యూనియన్ నాయకుడిగా ఆమె మొగుడు గొంతెత్తితే లాండ్రీ గేటు అదిరేది. తరవాత సూపర్‌వైజరు కుర్చీ ఇచ్చారు. గొంతు సర్దుకుంది. ఇంట్లో ఫ్యాన్ల ఊసు ఎత్తకూడదని మొగుడూ పెళ్లాం ఒప్పందం. ఆమె ఇప్పుడది తెంచి ఫోన్ కొట్టింది. తమ్ముడికి వినపడాలని స్పీకరు పెట్టింది.

"ఏవండీ, యూనియన్ సైటు పాస్‌వర్డు చెప్పండి."

"నేను మేనేజరు గదిలో ఉన్నానే! ఆయన ఇప్పుడే గేటు దగ్గరికెళ్లాడు. రాత్రికి ఇంట్లో చెప్తాలే."

"రాత్రికి చెప్తే నెత్తిన రాసుకోవాలి. పోనీ రాసి పంపండి."

"రాస్తే సాక్ష్యం! నా కుర్చీ పోతుంది."

"మీ కుర్చీ పైన ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోంది," అన్నాడు బావ.

"ఆరోజు నా మొహాన నీళ్లు కొట్టింది మీరే. చెప్పండి."

ఏదో గొణిగాడు. షెడ్డు పక్కనే బాయిలరు గర్జిస్తోంది. "వినపడట్లా! గట్టిగా!" అని అక్కాతమ్ముళ్లిద్దరూ అరిచారు.

"మేనేజరు మొండివైఖరి నశించాలి!" అన్నాడు బావ. పాస్‌వర్డు అదే, ఆనాటి నినాదం.

"తప్పంటోంది బావా!"

"మధ్యలో ఖాళీలు పెట్టావా? కలిపి కొట్టరా! మేనేజరు మొండివైఖరి నశించాలి!"

"మళ్లీ తప్పే!"

"చివర్న ఆశ్చర్యార్థకం! ఒకటి కాదు, మూడు! అప్పట్లో నాకంత మండేది! మేనేజరు! మొండివైఖరి! నశించాలి!"

మేనేజరు గది కిటికీ సరిగ్గా ఇస్త్రీ హాలు మీదికి తెరుచుకుంటుంది. మొదటిసారికి కింద తలలు లేచాయి. రెండోసారికి రోలర్లు ఆగాయి. మూడోసారికి హాలంతా "నశించాలి! నశించాలి!" అని బదులు పలికింది.

సైటు తెరుచుకుంది. బటన్ నోటీసు పెట్టి తలెత్తేసరికి జనమంతా ఆవరణలో ఉన్నారు. మేనేజరు ఫోన్లో నోటీసు చూసుకుంటూ గేటు నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"మీ నోటీసు రేపటికి! ఇవాళ సమ్మె ఏంటి? ఒక్కొక్కళ్లనీ తీసేస్తా!"

"మేం పిలవలేదు సార్," అంది అక్క. "మీ సూపర్‌వైజరు పిలిచాడు. మీ గదిలోంచే. ఆయన మా సభ్యుడు కూడా కాదు."

మేనేజరు తలెత్తి చూశాడు. కిటికీలో బావ, తేలు కుట్టిన దొంగలా, ఫోన్ చెవిన పెట్టుకుని ఉన్నాడు. గేటు దగ్గర ఆసుపత్రి లారీ దుప్పట్ల కోసం హారన్ మీద హారన్ కొడుతోంది. ఆలోచిద్దాం అనడానికి మేనేజరుకు వ్యవధి లేదు. సాయంత్రానికల్లా ఇస్త్రీ హాల్లో ఫ్యాన్లు తిరిగాయి. బావ కుర్చీ మాత్రం పోయింది.

మర్నాడు సభ్యులంతా చేతులెత్తి బావను మళ్లీ యూనియన్లో చేర్చుకున్నారు. సైటులో అతని హోదా: చదువరి.