సీలు వేసిన సొరుగు

ఆదివారం పొద్దున సుబ్బరాయుడి పథకం చిన్నదే. పదకొండింటికి తార్నాక చౌరస్తాలో ఒక ఇరానీ చాయ్ తాగాలి. సాయంత్రం భార్య శ్యామలాంబతో లాలాపేట్ వెళ్ళి, బాలింత అయిన మేనకోడలు మనీషాను చూసి రావాలి. షుగరున్న మనిషికి వారం మొత్తానికి ఆ ఒక్క చాయ్‌కే అనుమతి. ఆ రోజు ఆ అనుమతే ప్రమాదంలో పడింది.

కారణం, మనీషా కోసం శ్యామలాంబ చుట్టిన సున్నుండలు. పోయినసారి చుట్టినవి లాలాపేట్ చేరేలోపే సగమయ్యాయి.

"ఈసారి ఒక్కటి తగ్గినా మీ చాయ్ బంద్. మీకు మెంతి ఉండలు చేశానుగా, అవి తినండి," అందామె. బెల్లం వేయని ఆ మెంతి ఉండలను అతను ఇంతవరకు ముట్టుకోలేదు.

సుబ్బరాయుడికి పౌరుషం వచ్చింది. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సీళ్ళు వేయడమే అతని ఉద్యోగం. క్యాంపస్‌లో పాత సామాను వేలానికి వస్తే కొన్న నాలుగు సొరుగుల ఇనప ఫైల్ క్యాబినెట్ నిన్ననే వంటింట్లో దిగింది. శ్యామలాంబ దాన్ని లోపలా బయటా కడిగి పప్పులూ అప్పడాలూ సర్దింది. మూడో సొరుగు మీద 'రహస్యం' అన్న చీటీ మాత్రం ఎంత గీకినా రాలేదు. సున్నుండల డబ్బా ఆ సొరుగులోనే పెట్టారు. సుబ్బరాయుడు సొరుగుకూ చట్రానికీ కలిపి గుడ్డ పట్టీ అతికించాడు. లక్క కరిగించి ఉంగరంతో ముద్ర కొట్టాడు. పట్టీ మీద ఇద్దరూ సంతకాలు చేశారు.

ఆమె ముద్రను మెచ్చుకుంది. అతను స్నానానికి వెళ్ళాడు. అతను తిరిగొచ్చాక, మబ్బు పట్టిందని ఆమె మేడ మీద బట్టలు తీయడానికి వెళ్ళింది. దిగి వచ్చేసరికి సుబ్బరాయుడు రెండో చెంబు నీళ్ళు తాగుతున్నాడు.

"ఎండ మండిపోతోంది," అన్నాడు.

పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటి రత్నాకర్ వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాడు. తెల్లారితే సెమిస్టర్ పరీక్షలు. ఇది పరీక్షల విభాగం మనిషి ఇల్లు. ఎదురుగా రహస్యమన్న చీటీ, దాని పక్కన ఎర్రటి లక్క.

"ఏంది సార్ ఇది, గీడ ఎందుకున్నది?"

"చెప్పేది కాదులే," అన్నాడు సుబ్బరాయుడు, నోరు పూర్తిగా తెరవకుండా.

రత్నాకర్ మెట్ల మీద ఒక్కరికే చెప్పాడు. ఆ ఒక్కరు పై అంతస్తులో అద్దెకుంటున్న విద్యార్థి. కాసేపటికి వారాసిగూడ కుర్రాళ్ళు కూడా గేటు దగ్గర చేరారు. వాళ్ళలో ఒకడు కెమిస్ట్రీ ఉందా అని మర్యాదగా అడిగాడు. ఆ వెంటనే, ఈ మాట చెవిన పడి సుబ్బరాయుడి పై అధికారి సుదర్శన్ స్కూటర్ దిగాడు.

కూర్చోమన్నా కూర్చోలేదు. "సీలు తియ్యుండ్రి. అందుల ప్రశ్నపత్రాలున్నయంటే మీ నౌకరీ ఉండదు."

"అవి సున్నుండలు సార్."

"సున్నుండలకు ఎవలన్న సీలేస్తరా?"

"మా ఇంట్లో వెయ్యాలండి," అంది శ్యామలాంబ.

సాయంత్రం తీద్దామని సుబ్బరాయుడు బతిమాలాడు. దాంతో అనుమానం రెట్టింపయింది. సుదర్శన్ లక్కను కళ్ళజోడు పెట్టుకుని పరీక్షించాడు. ఎక్కడా బీట లేదు. పగలగొట్టి, సొరుగు లాగి, డబ్బా మూత తీశాడు. లోపల నిజంగానే ఉండలున్నాయి. రత్నాకర్ తల దించుకున్నాడు. కుర్రాళ్ళు నిరాశగా వెనక్కి తిరిగారు.

సుదర్శన్ తనిఖీ కోసం ఒకటి నోట్లో వేసుకుని నమలడం ఆపేశాడు. మర్యాద కొద్దీ మింగాడు. "సున్నుండలు గిట్ల చేదుంటయా అమ్మా?"

"అవి మెంతి ఉండలండి. సున్నుండలు బియ్యం డబ్బాలో ఉన్నాయి," అని ఆమె డబ్బాలోకి తొంగి చూసింది. "ఇక్కడ రెండు ఖాళీలున్నాయి. ఒకటి మీది. రెండోది ఎవరిదో?"

అందరూ నీళ్ళ చెంబు పట్టుకుని ఉన్న సుబ్బరాయుడి వైపు చూశారు.

"సీలు ఉండంగనే ఎట్ల?" అన్నాడు సుదర్శన్.

శ్యామలాంబ రెండో సొరుగును పైకెత్తి మొత్తంగా బయటికి లాగేసింది. సొరుగుకూ సొరుగుకూ మధ్య అడ్డుగా రేకు లేదు. పైనుంచి చెయ్యి పెడితే తిన్నగా డబ్బా మూతే అందుతోంది.

"నిన్న కడిగేటప్పుడు చూశాను. ఈయన స్నానానికి వెళ్ళగానే మార్చేశాను. సీలు మీద నాకు నమ్మకమేనండి. వేసిన మనిషి మీదే..." అని ఆగింది.

నోట్లో చేదు పోగొట్టడానికి ఆమె సుదర్శన్‌కూ రత్నాకర్‌కూ చెరో సున్నుండ ఇచ్చింది. తర్వాత వాళ్ళిద్దరూ చౌరస్తాలో ఇరానీ చాయ్ తాగారు. సుబ్బరాయుడు వాళ్ళ పక్కన నిలబడి వచ్చిపోయే బస్సులు చూశాడు.

సీలులో లోపం మాత్రం ఎవరికీ దొరకలేదు.